పన్నెండో మేకు

ఆర్విడ్ టాలఫ్‌సన్‌కి డెబ్బై ఒకటో ఏట వియ్యంకుడి మీద అసూయ పట్టుకుంది. అది పట్టుకున్న క్షణం కూడా ఆయనకు బాగా గుర్తు. జనవరి మొదటి ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి కింది హాల్లో కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మనవరాలు మారెన్ వచ్చి కోటు అంచు పట్టుకుని లాగింది.

“తాతయ్యా, ఈసారి కారు నేను డెల్ తాతతో చేస్తున్నాను. మీరేం అనుకోరు కదా?”

“అనుకోవడానికేముంది? చెయ్యి, చెయ్యి,” అన్నాడు ఆర్విడ్.

ఆ పిల్ల గంతులేసుకుంటూ హాలు అవతలి కొసకు పోయింది. అక్కడ డెల్బర్ట్ క్రౌస్ రెండు చేతుల్లో రెండు డోనట్లు పట్టుకుని, ఒకటి ఆమెకు అందనంత ఎత్తున ఊరిస్తూ నిలబడ్డాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. మారెన్‌కి నాన్నవైపు తాత. ఆర్విడ్ అమ్మవైపు తాత. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ ఒక్క మనవరాలిని పంచుకుంటూ వస్తున్నారు. ఇప్పటిదాకా ఎవరి వాటా ఎంతో కొలిచి చూసుకునే అవసరం ఆర్విడ్‌కి రాలేదు.

ఏటా జనవరి ఆఖరి శనివారం కబ్ స్కౌట్స్ అనే పిల్లల బృందం వాళ్లు ఆ హాల్లోనే చెక్క కార్ల పందెం పెట్టుకుంటారు. అందరికీ ఒకే రకం పెట్టె ఇస్తారు. అందులో జానెడు కూడా లేని పైన్ చెక్క దిమ్మె, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, ఇరుసులుగా వాడుకోవడానికి నాలుగు మేకులు ఉంటాయి. ఐదు ఔన్సులు దాటకుండా దాన్ని కారుగా మలిచి, ఏటవాలు ట్రాక్ పైనుంచి వదలాలి. మోటారు ఉండదు. తొయ్యకూడదు. తన బరువుతో తాను కిందికి దొర్లడమే.

ఇలాంటి పనికి ఆ ఊళ్లో ఆర్విడ్‌ని మించినవాడు లేడు. ఈ మాట ఆయన పైకి అనేవాడు కాదు గానీ, ఇంకెవరైనా అంటే కాదనేవాడూ కాదు. ట్రాక్టర్ గేర్లు చేసే ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిదేళ్లు అచ్చులు తయారుచేశాడు. కాగితం మందంలో పదోవంతు తేడా ఉన్నా వేలి కొసతో పసిగట్టగలడని పేరు. నిరుడు మారెన్ కారు ఆయనే చేశాడు. రంపం ప్రమాదం కాబట్టి పిల్లను దూరంగా నిలబెట్టాడు. ఆకురాయి వంకరగా పట్టింది కాబట్టి చేతిలోంచి తీసుకున్నాడు. రంగు కూడా తానే వేశాడు, పిల్ల వేస్తే చారలు పడతాయని. చివర్లో స్టిక్కర్లు మాత్రం ఆమెను అంటించనిచ్చాడు. రెండో బహుమతి వచ్చింది. ఇంత చేస్తే ఈ ఏడు ఆ పిల్ల, స్క్రూడ్రైవర్‌కీ వెన్నపూసే కత్తికీ తేడా చూడని మనిషి దగ్గరికి పోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భార్య ఈడిత్‌తో అన్నాడు. “డెల్బర్ట్ ఇంట్లో ఉన్న వైస్ తుప్పు పట్టిపోయి ఇరవై ఏళ్లయింది. దాంట్లో ఏం బిగిస్తాడు?”

“ఆ పిల్లకి అక్కడ సరదాగా ఉంటుంది, ఆర్విడ్.”

“సరదా ఉంటే కారు పరిగెడుతుందా?”

“పరిగెట్టకపోతే మానె. రేపు మాంసం, బంగాళాదుంపలతో ఓవెన్‌లో హాట్‌డిష్ పెడుతున్నాను. డెల్బర్ట్‌కి కూడా ఒక పళ్లెం పంపిద్దాం. పాపం, ఒంటరి మనిషి, పిల్లకు వండిపెట్టడం చేతకాదు.”

నా ఇంటి వంట కూడా అక్కడికే పోతోందన్నమాట అనుకున్నాడు ఆర్విడ్. పైకి మాత్రం ఉప్పు అందుకున్నాడు.

ఆ మూడు వారాలు ఆయన మనసు మనసులో లేదు. హార్డ్‌వేర్ షాపుకి వెళ్లే దారి కాకపోయినా డెల్బర్ట్ ఇంటి మీదుగా పికప్ పోనిచ్చేవాడు. బడి వదిలాక గరాజ్ కిటికీలో వాళ్లిద్దరి తలలూ కనబడేవి. ఒకసారి చక్రాలు జారడానికి వేసే నల్లటి గ్రాఫైట్ పొడిని డెల్బర్ట్ ముక్కు మీద పూసి మారెన్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆర్విడ్ బండి ఆపలేదు, కానీ వేగం మాత్రం బాగా తగ్గించాడు. ఆయన దగ్గర ఆ పిల్ల ఎప్పుడూ అలా నవ్వి ఎరగదు. బుద్ధిగా ఉంటుంది. “థాంక్యూ తాతయ్యా” అంటుంది. అది మర్యాద అని ఇన్నాళ్లూ మురిసిపోయాడు.

కూతురు కారిన్‌కి ఫోన్ చేసి చలి గురించీ రోడ్డు మీద మంచు గురించీ కాసేపు మాట్లాడాడు.

“నాన్నా, నువ్వు అడగాలనుకున్నది కారు గురించే కదా? అడుగు,” అంది కారిన్.

“కారా? ఏ కారు?”

“సరే అయితే. ఉంటాను మరి.”

“ఇంతకీ ఇరుసులు వంచారా, తిన్నగానే కొట్టేశారా?”

కారిన్ అవతల నవ్వింది. “నాకేం తెలుసు నాన్నా? వాళ్లిద్దరూ నన్ను గరాజ్‌లోకి రానివ్వడం లేదు.”

పందెం ఇంక రెండు రోజులుందనగా, గురువారం పొద్దున పదిగంటలకు డెల్బర్ట్ తలుపు తట్టాడు. బూట్ల మంచు దులుపుకుంటూ, చంకలోని చెప్పుల పెట్టె జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే లోపల పాత టవల్‌లో చుట్టిన పసుపుపచ్చ కారు. స్కూలు బస్సు ఆకారం. కిటికీల్లో చిన్న చిన్న మొహాలు పెన్నుతో గీసి ఉన్నాయి.

“ఏమయ్యా ఆర్విడ్, నన్ను తిట్టుకుంటే తిట్టుకో గానీ, ముందు దీన్నొకసారి చూడు,” అన్నాడు డెల్బర్ట్. “తాగినోడు నడిచినట్టు నడుస్తోంది. నిన్న చర్చి హాల్లో ట్రాక్ మీద వదిలి చూశాం. ఆ గోడకీ ఈ గోడకీ తగులుకుంటూ పోయింది. ఏదో రాసుకుంటున్న చప్పుడు కూడా వచ్చింది.”

“మారెన్ ఏమంది?”

“ఏమీ అనలేదు. బండిలో ఇంటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అది చూళ్లేకే నీ దగ్గరికొచ్చాను.” డెల్బర్ట్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. “కాస్త సర్దు, అంతే. ముందు మేకు మాత్రం పిల్ల తనే వంచింది. పదకొండు మేకులు పాడుచేసి, పన్నెండోది కుదిరిందని ఇల్లంతా తిరిగి చూపించింది. నీ దగ్గరికి తెచ్చినట్టు దానికి తెలియకూడదు. నాకు మాటివ్వు.”

“సరే.”

“మాటిచ్చినట్టేనా?”

“సరే అన్నాను కదా డెల్బర్ట్. పెట్టె అక్కడ వదిలెయ్.”

డెల్బర్ట్‌కి పంటి డాక్టర్ దగ్గర పనుంది. మధ్యాహ్నం వస్తానని వెళ్లిపోయాడు. ఆర్విడ్ పెట్టె తీసుకుని బేస్‌మెంట్‌లోని తన పని బల్ల దగ్గరికి దిగాడు. దీపం కిందికి లాగి కారును వెల్లకిలా తిప్పగానే జబ్బేమిటో కనబడింది. బరువు కోసం అతికించిన ఇనుప వాషర్లు పొట్ట కింద ఉబ్బెత్తుగా ఉన్నాయి. ట్రాక్ ప్రతి వరసకూ మధ్యలో ఒక పొడవాటి పట్టీ ఉంటుంది. కారు దానికి అటూ ఇటూ చక్రాలు వేసుకుని దొర్లాలి. పొట్ట దానికంటే పైన ఉండాలి, నేల నుంచి అంగుళంలో మూడోవంతుకు పైమాటే. ఈ బస్సు పొట్ట ఆ పట్టీని గీరుకుంటూ పోతోంది. ఇక చక్రాలు నాలుగూ నేలకు ఆని, ఒక్కోటి ఒక్కో దిక్కు చూస్తున్నాయి.

ఆర్విడ్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆయనకే నచ్చలేదు, అయినా ఆపుకోలేదు. చేతకాని పని చేతకానట్టే ఉంది చూడు అనుకున్నాడు. మూడు వారాల్లో ఆయన మనసు అంత తేలికపడింది అప్పుడే.

తర్వాత ముందు కుడిచక్రం మేకు బయటికి లాగి చూశాడు. నవ్వు ఆగిపోయింది. మేకు మీద ప్లయర్ పళ్ల గాట్లున్నాయి, ఉప్పుకాగితంతో వాటిని రుద్ది రుద్ది మాయం చేయాలని చూసిన గుర్తులున్నాయి. కానీ వంపు బాగుంది. ఎంత వంచాలో అంతే వంచింది. తొమ్మిదేళ్ల పిల్ల, కొలిచే సాధనం లేకుండా, పన్నెండో ప్రయత్నంలో దొరకబుచ్చుకుంది. దాన్ని రంధ్రంలో ఒక వెంట్రుకవాసి తిప్పి పెడితే చాలు, ఆ చక్రం కారును మెల్లగా ఎడమకు నడిపించి పట్టీకి ఆనించి ఉంచుతుంది. అప్పుడు కారు అటూ ఇటూ కొట్టుకోదు, పట్టీని చేత్తో పట్టుకున్నట్టు తిన్నగా పోతుంది.

ఇది ఆర్విడ్‌కి చూసిన మరుక్షణమే తెలుసు. తెలిసి కూడా మేకును మళ్లీ అక్కడ పెట్టబుద్ధి కాలేదు. ముందు మరో పని చేశాడు. మేకును తప్పు వైపుకి తిప్పి, తన నాలుగడుగుల పరీక్ష పలక మీద కారును వదిలాడు. బస్సు కుడివైపుకి ఒరుసుకుంటూ పోయి పలక దాటి బల్ల మీదకు దొర్లింది. ఇలా ఇచ్చేస్తే సరి. శనివారం డెల్బర్ట్ మొహం ఎలా ఉంటుందో చూడొచ్చు. ఆ ఊహతో ఒక నిమిషం కూర్చున్నాడు. బల్ల మీద పక్కకి ఒరిగి పడున్న బస్సు కిటికీల్లోంచి పెన్నుతో గీసిన మొహాలన్నీ పైకప్పుకేసి చూస్తున్నాయి. ఒక మొహానికి కళ్లజోడుంది, అచ్చం ఆయనదానిలాంటిదే. ఆర్విడ్ సిగ్గుపడి మేకు తీసేశాడు.

కానీ తీసిన మేకును తిరిగి పెట్టలేదు. దాన్ని ఇనుప తుక్కు వేసే డబ్బాలో పడేశాడు. సొరుగులోంచి తాను నిరుడు నునుపు చేసి దాచిపెట్టుకున్న మేకు తీసి, అద్దంలా మెరిసేదాకా మళ్లీ రుద్ది, సరిగ్గా వంచి బిగించాడు. పొట్ట కింద గుంట తొలిచి వాషర్లను లోపలికి దించాడు. ఎడమవైపు ముందు చక్రాన్ని పోస్టుకార్డు మందం మేర గాలిలోకి లేపాడు, మూడు చక్రాల మీద దొర్లేదానికి రాపిడి తక్కువ కాబట్టి. వెనక మేకులను ఒక్కో పిసరు తిప్పుతూ, కారును ముందుకీ వెనక్కీ దొర్లిస్తూ చూశాడు. ఎటు దొర్లించినా చక్రాలు చెక్కను వదిలి మేకు తలవైపు జరిగేదాకా వదల్లేదు. ఆఖరున పరీక్ష పలక మీద వదిలితే, బస్సు నాలుగడుగుల్లో సరిగ్గా నాలుగు అంగుళాలు ఎడమకు ఒదిగింది, గీత గీసినట్టు.

పని తెలిసినవాడెవడైనా ఆ ఇరుసులు చూస్తే అది ఎవరి చెయ్యో ఇట్టే చెబుతాడు. చెప్పాలనే ఆయన కోరిక కూడా.

శనివారం హాలు నిండిపోయింది. పందేనికి ముందు పిల్లలు ఒక్కొక్కరే మైకు దగ్గరికొచ్చి తమ కారు గురించి రెండు మాటలు చెప్పాలి. పిల్లల బృందాన్ని చూసుకునే లొరెయిన్ హాఫ్ పెట్టిన పద్ధతి అది. మారెన్ బస్సును రెండు చేతుల్లో పైకెత్తింది.

“దీని పేరు తొమ్మిదో నంబరు బస్సు. డెల్ తాత నడిపిన బస్సు. రంగు ఇద్దరం వేశాం. ముందు ఇరుసు మాత్రం నేనొక్కదాన్నే వంచాను. పదకొండు పాడయ్యాయి, పన్నెండోది కుదిరింది.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆర్విడ్ చేతులు కూడా కలిశాయి గానీ చప్పుడు రాలేదు. పక్కనే ఉన్న డెల్బర్ట్ ఆయనకేసి చూసి ఎంతో కృతజ్ఞతగా కన్నుగీటాడు.

తొమ్మిదో నంబరు బస్సుకి ఎదురు లేకపోయింది. మొదటి విడతలో రెండు కార్ల పొడవు ముందుంది. రెండో విడతలో మూడు. ట్రాక్ మీద కొట్టుకోలేదు, ఊగలేదు, చప్పుడు కూడా లేదు. ఆఖరి పందెంలో ఆస్కార్ అనే కుర్రవాడి నీలం కారును చివరి గజంలో దాటేసి గెలిచింది. మారెన్ ఒక్క ఉరుకున వెళ్లి డెల్బర్ట్ మెడకు వేలాడింది. జనం డెల్బర్ట్ చుట్టూ మూగారు. వీపు తట్టేవాళ్లు, చెయ్యి కలిపేవాళ్లు.

“ఏమోయ్ డెల్, ఇన్నాళ్లూ ఈ విద్య ఎక్కడ దాచావ్?”

“బస్సు నడపడమే అనుకున్నాం, చెయ్యడం కూడా వచ్చన్నమాట.”

డెల్బర్ట్ “అంతా పిల్లదే, అంతా పిల్లదే” అంటూ ఎర్రబడిపోతున్నాడు. అంతలో ఈడిత్ కూడా వెళ్లి అతని రెండు చేతులూ పట్టుకుని, “భలే చేశావ్ డెల్బర్ట్. ఎంత నేర్పు,” అంది.

నలభై ఆరేళ్ల కాపురంలో ఈడిత్ తనతో ఎప్పుడైనా ఆ గొంతుతో ఆ మాట అన్నదా అని వెతుక్కున్నాడు ఆర్విడ్. అన్నది గుర్తురాలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఆ ముందు మేకు నాది.”

ఆయన గట్టిగా అనలేదు. కానీ ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి మాట్లాడాడని దగ్గర్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

“గురువారం నా దగ్గరికి తెచ్చాడు. ఎత్తు సర్దింది నేను. ఇరుసులు సరిచేసింది నేను. డెల్బర్ట్‌నే అడగండి.”

మారెన్ డెల్బర్ట్ మెడ వదిలి కిందికి దిగింది. ఆర్విడ్‌ని చూడలేదు. డెల్బర్ట్‌నే చూసింది.

“నిజమా, డెల్ తాతా?”

డెల్బర్ట్‌కి అబద్ధం రాదు. టోపీ తీసి చేతుల్లో తిప్పడం మొదలుపెట్టాడు.

మారెన్ వెళ్లి బస్సును తిరగేసి, ముందు చక్రం మేకు తలను దగ్గరగా చూసింది. గాట్లు లేవు. అద్దంలా మెరుస్తోంది. అప్పుడు తనకిచ్చిన బహుమతి కప్పు తీసుకెళ్లి లొరెయిన్ హాఫ్ బల్ల మీద పెట్టింది.

“ఇది ఆస్కార్‌కి ఇవ్వండి.”

“పెద్దవాళ్ల సాయం తీసుకోవచ్చమ్మా. తప్పేం లేదు,” అంది లొరెయిన్.

“నేను మైకులో నేనే వంచానని చెప్పాను,” అంది మారెన్. ఆమె చెవులు కందిపోయాయి. కోటు వేసుకుని, వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి నిలబడింది. బస్సు బల్ల మీదే ఉండిపోయింది.

ఇంటికొచ్చే దారిలో, ధాన్యం గోదాముల దగ్గర మలుపు తిరిగాక ఈడిత్ అంది. “నీకు కావలసింది ఆ పిల్లా, లేకపోతే ఆ పిల్ల దగ్గర పేరా?”

“నేను చెప్పింది అబద్ధం కాదు.”

“అబద్ధమైతే బాగుండేది. క్షమించడం తేలిక.”

ఆదివారం కారిన్ వాళ్లు చర్చికి రాలేదు. సోమవారం మధ్యాహ్నం కారిన్ ఫోన్ చేసి, మారెన్ ఇద్దరు తాతలతోనూ మాట్లాడటం లేదని చెప్పింది. డెల్బర్ట్ ఇంటికి కూడా వెళ్లడం లేదట. ఆ మాట వినగానే ఆర్విడ్ గుండెలో ఒక మూల హాయిగా అనిపించింది. డెల్బర్ట్‌కి కూడా లేదు కదా. రిసీవర్ పెట్టేసి, ఆ హాయిని పట్టుకుని వంటింట్లో నిలబడ్డాడు. డెబ్బై ఒక్క ఏళ్లు బతికి నేను ఇలాంటివాడినా అనుకున్నాడు. కోటు తగిలించుకుని డెల్బర్ట్ ఇంటికి బయలుదేరాడు.

డెల్బర్ట్ వంటగదిలో పాత పేపర్లు పరిచిన బల్ల మీద ఇంకా చెక్క పొట్టు ఉంది. ఫ్రిజ్ తలుపు మీద నల్లటి చిన్న వేలిముద్రలున్నాయి, అతను తుడవలేదు. రెండు కుర్చీల్లో ఒకదాని మీద రెండు దిండ్లు వేసి ఉన్నాయి, పిల్లకు బల్ల అందడానికి. అతను కాఫీ పోశాడు.

“తప్పు చేశాను,” అన్నాడు ఆర్విడ్.

“నేనూ చేశాను. రహస్యంగా తేకుండా ఉండాల్సింది.” డెల్బర్ట్ కుర్చీలో కూలబడ్డాడు. “కానీ మాటిచ్చి అందరి ముందు కక్కావు చూడు, అది బాగాలేదు ఆర్విడ్. అడిగితే ఆ కప్పు నీ నెత్తిన పెట్టేవాణ్ణి. నాకెందుకది? నాకు కావలసింది సాయంత్రం నాలుగింటికి ఆ తలుపు చప్పుడు.”

“నీ మీద అసూయపడ్డాను డెల్,” అన్నాడు ఆర్విడ్. ఆ మాట గొంతులోంచి చేపముల్లులా గీరుకుంటూ వచ్చింది.

డెల్బర్ట్ నిజంగానే తెల్లబోయాడు. “నా మీదా? నాకేముందయ్యా? నువ్వు ఇంటికెళ్తే ఈడిత్ ఉంటుంది. నీ బేస్‌మెంట్ చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది. ఆ పిల్లకి నేర్పడానికి నా దగ్గరేముంది, బస్సు హారన్ తప్ప?”

డెల్బర్ట్ డోనట్ల పొట్లం ఇటు జరిపాడు.

అక్కణ్నుంచి ఆర్విడ్ నేరుగా కూతురింటికి వెళ్లాడు. మారెన్ అప్పుడే బడి నుంచి వచ్చి బూట్లు విప్పుతోంది. ఆయన మెట్టు మీద పక్కనే కూర్చున్నాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

“నువ్వు వంచిన మేకు బాగానే ఉంది,” అన్నాడు. “వంపు సరిగ్గా ఉంది. కాస్త తిప్పితే సరిపోయేది. నేను తీసి తుక్కులో పడేశాను. ఆ తుక్కు శుక్రవారమే ఎత్తుకుపోయారు.”

మారెన్ చేతిలో లేసు ఆగిపోయింది. “బాగుంటే ఎందుకు తీశారు?”

దారంతా ఆయన చాలా జవాబులు కూర్చుకున్నాడు. ఒక్కటీ పనికిరాలేదు.

“అది నేను చేసింది కాదు కాబట్టి.”

ఆ పిల్లకి కోపం పోలేదు, ఇంకాస్త పెరిగినట్టే ఉంది. “ముందు మీరు చెప్పలేదు కాబట్టి అది నాదే అనుకున్నాను. తర్వాత చెప్పారు కాబట్టి నాది బాగాలేదనిపించింది. రెండూ మీరే చేశారు.”

“అవును.”

“నిరుడు కూడా అంతే. నాకు స్టిక్కర్లు ఇచ్చారు.”

ఆర్విడ్‌కి ఆ క్షణందాకా స్టిక్కర్లు ఇవ్వడం తన ఉదారబుద్ధి అనే నమ్మకం. లేచి, లోపల కారిన్ పలకరించినా ఆగకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత, శుక్రవారం బడి అయ్యాక, డెల్బర్ట్ బండి వాకిట్లో ఆగింది. మారెన్, ఆవేళ హాల్లో వదిలేసిన బస్సును చేత్తో పట్టుకుని దిగింది. తలుపు దగ్గరే నిలబడి, ముందే కంఠతా పట్టుకొచ్చినట్టు చెప్పింది. జిల్లా పందెం మూడు వారాల్లో ఉంది. ఊరికి ముగ్గురిని పంపుతారు. ఇరుసులన్నీ మళ్లీ తనే చేసుకుంటే రావచ్చని మిసెస్ హాఫ్ అంది.

“మీ దగ్గర పలక ఉంది, వైస్ ఉంది. నేను అడిగినప్పుడు చెప్పాలి. కారు మాత్రం ముట్టుకోకూడదు. ఒక్కసారి కూడా.”

“సరే.”

“డెల్ తాత కూడా ఉంటాడు.”

ఆర్విడ్ గుండెలో ఏదో చిన్నగా చుర్రుమంది. “ఉండనీ,” అన్నాడు.

ఆ సాయంత్రాలు ఆర్విడ్‌కి ఫ్యాక్టరీలో చేసిన ఏ పనికన్నా కష్టమనిపించాయి. మారెన్ ఆయన మేకును ఊడదీసి బల్ల చివర పెట్టింది. కొత్త మేకును వైస్‌లో బిగించి, సుత్తితో కొడితే ఎక్కువ వంగింది. ఇంకోటి విరిగింది. ఆర్విడ్ చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో కుక్కుకుని, పిడికిళ్లు బిగించి నిలబడ్డాడు. డెల్బర్ట్ తిరగేసిన బకెట్ మీద కూర్చుని బస్సు నడిపే రోజుల కబుర్లు చెబుతూ ఉండేవాడు. మారెన్ పని చేస్తూనే నవ్వేది. ఆ నవ్వు ఆయన బేస్‌మెంట్‌లో వినబడటం అదే మొదలు. అయినా అది డెల్బర్ట్‌ని చూసి నవ్వే నవ్వు.

ఎనిమిదో మేకు దగ్గర ఆమె విసుగొచ్చి సుత్తి కింద పెట్టింది. ఆర్విడ్ చెయ్యి జేబులోంచి సగం బయటికొచ్చింది.

“నువ్వు ముట్టుకోకు తాతయ్యా,” అంది మారెన్ తలెత్తకుండానే.

చెయ్యి మళ్లీ లోపలికి పోయింది. మీరు అనడం ఆమె ఎప్పుడు మానేసిందో ఆయన గమనించలేదు. ఆ రోజు రాత్రి భోజనం చేస్తూ ఈడిత్‌కి చెప్పేటప్పుడు స్ఫురించి, మాట మధ్యలో ఆగిపోయాడు.

మేకు కుదిరాక ఎత్తు చూసుకుంది. ఎడమ చక్రం పోస్టుకార్డు దూరేంత లేచిందా లేదా అని, నిజంగానే ఒక పోస్టుకార్డు దూర్చి చూసింది. వెనక చక్రాలు మేకు తలవైపు జరుగుతున్నాయా లేదా అని నేల మీద బోర్లా పడుకుని చూసింది. ఎడమది జరగలేదు.

“ఎటు తిప్పాలి?” అని అడిగింది.

“నువ్వేమనుకుంటున్నావ్?”

“ముందుకి.”

అది వెనక్కి. ఆర్విడ్ పెదవి కొరుక్కున్నాడు. “తిప్పి చూడు,” అన్నాడు. ఆమె ముందుకి తిప్పింది, చక్రం చెక్కకు అతుక్కుపోయింది. వెనక్కి తిప్పింది, జరిగింది. ఆమె మొహంలో వెలుగు చూసి డెల్బర్ట్ బకెట్ మీద దరువేశాడు. పలక మీద వదిలితే బస్సు నాలుగడుగులకు ఐదున్నర అంగుళాలు ఒదిగింది. నాలుగు ఉండాలి. వంపు కొంచెం ఎక్కువైంది. ఆర్విడ్ ఆ సంగతి చెప్పాడు.

“బాగానే వెళ్తుందా?”

“వెళ్తుంది. కాస్త నెమ్మదిగా.”

మారెన్ మేకు మీద వేలు పెట్టి ఆలోచించింది. “ఉండనీ. ఇది నాకు నచ్చింది.”

జిల్లా పందెం పెద్ద ఊళ్లో, ఒక స్కూలు వ్యాయామశాలలో జరిగింది. నలభై నాలుగు కార్లలో తొమ్మిదో నంబరు బస్సు పందొమ్మిదోదిగా నిలిచింది. ఎక్కడా కొట్టుకోలేదు. పొట్ట గీరుకోలేదు. పట్టీకి ఆనుకుని, ఎవరి జోలికీ పోకుండా, తన దారిన తాను దొర్లింది. ఆస్కార్ ఇరవై ఆరోవాడు. వాడూ మారెన్ కలిసి స్లాపీ జో బన్నులు తింటూ ఒకరి కారు ఒకరు తిరగేసి చూసుకుంటున్నారు.

బరువులు తూచే బల్ల దగ్గరున్న ముసలాయన బస్సును చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు సర్దుకున్నాడు. పని తెలిసినవాడని ఆయన పట్టుకునే తీరులోనే తెలుస్తోంది. ముందు చక్రాన్ని వేలితో తిప్పి, లేపిన చక్రం కింద వెలుతురు చూశాడు.

“ఇంత చక్కగా సర్దడం నీకెవరు నేర్పారమ్మా?”

ఆర్విడ్ రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

“నేనే చేశాను,” అంది మారెన్. “బోలెడు మేకులు పాడుచేశాను. డెల్ తాత కబుర్లు చెప్పాడు.”

అంతే. ఇంకేమైనా అంటుందేమోనని ఆర్విడ్ ఎదురుచూశాడు. బస్సు వెనక్కి తీసుకుని ఆస్కార్ వైపు పరిగెత్తింది. తెలిసిన మంటే మళ్లీ ఛాతీలో లేచింది. నాలుగు వారాల క్రితం ఎంత వేడిగా ఉందో ఇప్పుడూ అంతే ఉంది. ఒక్క మాట చెబితే చల్లారుతుంది. చెప్పాల్సినవాడు ఎదురుగానే ఉన్నాడు, వినడానికి సిద్ధంగా ఉన్నాడు.

“ఆ పిల్ల మీకేమైనా అవుతుందా?” అని అడిగాడు బల్ల దగ్గరి ముసలాయన.

“మనవరాలు,” అన్నాడు ఆర్విడ్. కాసేపాగి, అవతల మంచినీళ్ల కుళాయి దగ్గర టోపీ పట్టుకుని నిలబడ్డ డెల్బర్ట్‌ని చేత్తో చూపించాడు. “మా ఇద్దరికీ.”

ఆ పైన ఏమీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటం ఆయనకు చాలా కష్టమైంది.